కెమెరాను చీల్చు ఎలుగుబంటి - అడవి అంచు రైతులు తీసికొనవలసిన జాగ్రత్తలు

కొండల చెంత తోటలుగల రైతులు కొందరు చెట్లకు చిన్న కెమెరాలు కట్టుచున్నారు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్టులో టమోటా ధర కిలో నూరు రూపాయలు దాటి ఇంకను పైకి పోయినప్పుడు తోటకు రాత్రి కాపలా ఎంత అవసరమో అందరికిని తెలిసినది. ఎదుట ఏదైన కదలినంతనే చీకటిలో సైతము తనంతట తానే బొమ్మ తీయు కెమెరా మంచి కాపలాదారే. అయితే ఒక చిక్కు కలదు. ఒక్కొక్కనాడు తెల్లవారి పోయి చూడగా పెట్టె ముక్కలై చెట్టుక్రింద పడియుండును. దొంగ పనియని రైతు అనుకొనును. కార్డు దొరికినచో చివరి బొమ్మలో నల్లని ముట్టె ఒకటి కనబడును.

పుంగనూరు చెంత ఒక తోటలో ఇట్టి పెట్టెను నేను చేతిలోనికి తీసికొని చూచితిని. మూతమీద నాలుగు గోటి గాట్లు ఉన్నవి. లోపల బ్యాటరీల నడుమ చీమలు పెట్టిన మన్ను, గ్రుడ్లు ఉన్నవి. మోటారు స్టార్టరు పెట్టెలో చీమలు చేరుట మీరెరిగినదే. వానకాలములో పొడిగా, వెచ్చగా ఉండు ఏ పెట్టెయైనను వాటికి ఇల్లగును. ఎలుగుబంటికి కావలసినదియు అదే.

మన ఎలుగుగొడ్డు ముఖ్యముగా చెదలు, చీమలు, తేనె, అడవి పండ్లు తిని బ్రతుకు జంతువు. దానికి పై దవడలో నడిమి ముందుపండ్లు రెండును లేవు. పుట్టను గోళ్లతో పెకలించి, మన్నును ఊది, ఆ సందుగుండ చెదలను పీల్చును. ఆ చప్పుడు నూరు గజముల దూరమునకును వినబడును. దుమ్ము పోకుండ ముక్కు రంధ్రములను మూసికొనగలదు. మూడడుగుల లోతున ఉన్న పురుగులను గూడ వాసనతో పసిగట్టును. చూపు మాత్రము అంత పదునైనది కాదు. కనుక అది మీ కెమెరాను చూచి కోపించినదని తలచుట పొరపాటు. ముక్కు పిలిచిన చోటికి వచ్చినదని తలచుట సరియైనది.

చీమలు లేకున్నను చేతి చెమట, నూనె, తినుబండారముల వాసన చాలును. అమెరికా, కెనడా దేశములలోని నల్ల ఎలుగుబంట్లు వేటగాండ్రు అడవిలో కట్టిన కెమెరాలను, మంచెలమీది మెత్తలను, పెట్రోలు డబ్బాలను కొరికి పాడుచేయుట అక్కడివారికి పాత అనుభవమే. మన దేశములో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమందలి మహాసముంద్ జిల్లాలో చండీమాత గుడికి ఎలుగుబంట్లు ప్రసాదము కొరకు వచ్చుచుండును. ఒకసారి తిండి దొరికిన చోటును అవి మరువవు.

కెమెరా కట్టుటకు ముందు చేతులు కడుగుకొని, పెట్టెను తడిబట్టతో తుడిచి ఆరనీయుడు. వైరు పోవు రంధ్రములను, మూత సందులను మూసివేయుడు. పదునైదు దినముల కొకసారి తెరచి చీమలను దులుపుడు. ఇనుప పెట్టెలో ఉంచి, ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తున క్రిందికి వంచి బిగించుట మేలు. ఎలుగుబంటి చెట్టెక్కగలదు గనుక ఎత్తు ఒక్కటే రక్షణ కాదు. దాని ముక్కుదారికి తప్పించుట మాత్రమే మన ఉద్దేశము. అన్నము మూటలు, బెల్లము, తెలకపిండి ఆ చెట్టు దగ్గరను, మోటారు కొట్టములోను ఉంచకుడు. గానుగ ఆడు దినములలో పాకపు మడ్డిని గుంటలో పూడ్చివేయవలెను. అటవీశాఖవారు జంతువుల లెక్కకు కట్టిన కెమెరా మీ గట్టున ఉన్నచో దానిని తాకకుడు.

నష్టము చేసినది ఏ జంతువో తెలియక ఎలుగుబంటిమీద నేరము మోపుట గూడ కలదు. డ్రిప్పు గొట్టముమీద సన్నని పంటిగాట్లు జంటగా ఉన్నచో అది ఉడుత లేక ముళ్లపంది పని. గొట్టములను లాగి త్రొక్కివేయుట, కంచె కూసాలను పడద్రోయుట ఏనుగు పని. 1980 ప్రాంతముల తరువాత కుప్పము, పలమనేరు అడవులకు ఏనుగులు వచ్చి చేరినందున 1990లో అక్కడ కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. ఎలుగుబంటి వెనుకకాలి జాడ చెప్పులేని మనిషి పాదమును పోలియుండును. ముందుకాలి వ్రేళ్లు ఇంచుమించు ఒకే వరుసలో ఉండి, వాటికి కొంత ముందుగా గోళ్ల గుంటలు పడును. శనగచేనును త్రవ్వినదెవరో ఈ జాడనుబట్టియే చెప్పవచ్చును. జాడ చెరగకముందే ప్రక్కన ఒక అగ్గిపెట్టె ఉంచి ఫొటో తీసి అటవీ బీటు అధికారికి చూపుడు.

వస్తువు పోయిన కోపముతోనో, అడవిపందుల బాధ పడలేకనో కొందరు క్లచ్ వైరుతో ఉచ్చులు పన్నుదురు. కంచెకు నేరుగా కరెంటు ఇత్తురు. ఈ రెండింటికంటె కెమెరా పోవుటయే నయము. ఉచ్చుకు ఏ జంతువు తగులునో పన్నినవానికి తెలియదు. నడుమునకో కాలికో బిగిసిన ఎలుగుబంటి వెంటనే చావదు. కూసమును పెరికికొని, నొప్పితో పొదలో పడియుండును. తెల్లవారుజామున నీరు కట్టుటకు వచ్చినవానిమీద పడును. నేరుగా కరెంటిచ్చిన తీగకు అడవిపంది గాక యజమానియే బలియైన సంఘటనలు మన రాష్ట్రములో అనేకము. సోలారు కంచె వేరు. అది క్షణకాలపు దెబ్బ కొట్టి వదలును గనుక ప్రాణము తీయదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టములో ఎలుగుబంటి మొదటి షెడ్యూలులో ఉన్నది. దానిని చంపుటయే గాక ఉచ్చు పన్ని పట్టుటయు వేటయే. శిక్ష మూడేండ్లకు తక్కువ కాకుండ ఏడేండ్లవరకు ఖైదు, పైన జుల్మానా.

2022 జూన్‌లో శ్రీకాకుళము జిల్లా వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగి వద్ద ఎలుగుబంటి దాడిలో ఒకరు మరణించిరి, మరికొందరు గాయపడిరి. పట్టుబడిన ఆ ఎలుగుబంటియు బ్రతుకలేదు. ఇది తరుముకొని వచ్చి మనిషిని తిను మృగము కాదు. పుట్టలో తల దూర్చియున్నప్పుడు, పిల్లలు వీపుమీద ఉన్నప్పుడు హఠాత్తుగా ఎదురుపడినచో బెదిరి మీదపడును. కనుక కెమెరా చూచుటకు ప్రొద్దెక్కిన తరువాతనే, ఇద్దరుగా, గట్టిగా మాటలాడుకొనుచు పోవలెను. పొదనుండి ఊదు చప్పుడు వినవచ్చినచో రాయి రువ్వకుడు, కుక్కను ఉసిగొల్పకుడు. వచ్చిన దారినే మెల్లగా వెనుకకు మరలుడు. కార్డును మధ్యాహ్నము తీసికొనవచ్చును.