పాట నోటికొస్తుంది, ఇల్లు గుర్తుకు రాదు: ఎందుకు?

సొంత ఇంట్లో బాత్‌రూమ్ ఎటుందో తెలియక తడుముకునే మనిషి ఆ సాయంత్రమే స్టేజీ ఎక్కి గంటసేపు పాడగలడా? పాడగలడు. అలా పాడినవాళ్లున్నారు. అది చూసినవాళ్లకు రెండు అనుమానాలొస్తాయి. జబ్బు అంత ముదరలేదేమో అని ఒకటి, సంగీతమే జబ్బును తగ్గిస్తోందేమో అని ఇంకొకటి. రెండూ నిజం కావు. ఆ సంగతి అందరికంటే ముందు తెలిసేది ఆ మనిషితో కాపురం చేస్తున్న భార్యకు. వచ్చినవాళ్లందరికీ అదే చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టేదీ ఆవిడకే.

అమెరికన్ కంట్రీ గాయకుడు గ్లెన్ క్యాంప్‌బెల్ కథ దీన్ని అర్థం చేసుకోవడానికి బాగా పనికొస్తుంది. ఆయన జబ్బు నాలుగు గోడల మధ్య గుట్టుగా సాగలేదు. చాలావరకు కెమెరా ముందు, టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన జనం ముందు సాగింది. 1936లో ఆర్కన్సా రాష్ట్రంలో ఓ కౌలురైతు ఇంట పన్నెండు మంది పిల్లల్లో ఒకడిగా పుట్టాడు. నాలుగేళ్లకే చేతికి గిటారు వచ్చింది. స్వరలిపి చదవడం పెద్దగా రాదు. చెవితో పట్టి చేత్తో దించేయడమే. 1960ల్లో లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో ఫ్రాంక్ సినాట్రా, బీచ్ బాయ్స్ లాంటివాళ్ల రికార్డులకు వాయించాడు. తర్వాత తనే స్టారయ్యాడు: 1968లో ‘విచిటా లైన్‌మ్యాన్’, 1975లో ‘రైన్‌స్టోన్ కౌబాయ్’. ఈ మధ్యలో తాగుడు, కొకైన్, నిలవని మూడు పెళ్లిళ్లు. న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్ నాట్యబృందంలో ఆడే కిమ్‌ను 1982లో పెళ్లాడాడు. ఆమె ఆయనకంటే ఇరవై రెండేళ్లు చిన్న. ముగ్గురు పిల్లలు పుట్టారు.

తనకు అల్జీమర్స్ అని 2011లో ఆయనే బయటపెట్టాడు. భార్యాభర్తలు, పిల్లలు కలిసి వీడ్కోలు కచేరీలకు బయల్దేరారు. ఐదు వారాలనుకున్నది 2012 నవంబరు దాకా సాగింది. మొత్తం 151 కచేరీలు.

ఇంత జబ్బుతో అన్ని కచేరీలు ఎలా చేశాడు?

మెదడులో జ్ఞాపకాలన్నీ ఒకే అరలో ఉండవు. పొద్దున ఏం తిన్నాం, తాళంచెవి ఎక్కడ పెట్టాం, నిన్న ఎవరొచ్చారు అన్నవాటిని పోగుచేసి నిలబెట్టేది హిప్పోక్యాంపస్. అల్జీమర్స్ మొదట దెబ్బతీసేది దాన్నీ, దాన్ని ఆనుకుని ఉన్న భాగాన్నీ. చేతికీ గొంతుకూ సాధనతో పట్టుబడ్డ విద్య వేరే దారిలో ఉంటుంది. బేసల్ గాంగ్లియా, చిన్నమెదడు, కదలికలను నడిపే పైపొర భాగాలు దాన్ని మోస్తాయి. జబ్బు అక్కడికి చాలా ఆలస్యంగా చేరుతుంది. ఇవాళ ఏ వారమో చెప్పలేని ముసలమ్మ పదిహేను చుక్కల ముగ్గు గీత తప్పకుండా వేసేస్తుంది. ఎలా వేశావమ్మా అంటే చెప్పలేదు. గిటారు విద్యా అంతే.

2015లో జర్మనీలోని లైప్‌జిగ్ మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు ఇంకో మెట్టు ముందుకెళ్లారు. చిరకాలంగా విన్న పాట వినిపించినప్పుడు మెదడులో ఏ భాగాలు పనిచేస్తాయో ముందు ఆరోగ్యవంతుల్లో గుర్తించారు. ఆ తర్వాత అవే భాగాలు అల్జీమర్స్ రోగుల్లో ఎలా ఉన్నాయో చూశారు. మిగతా మెదడుతో పోలిస్తే అవి కుంచించుకుపోవడం తక్కువ, శక్తిని వాడుకోవడంలో తగ్గుదలా తక్కువ. పాత పాట చివరిదాకా నిలబడడానికి ఇదో కారణం కావచ్చు.

క్యాంప్‌బెల్ కచేరీల్లో ఈ తేడా కళ్లకు కట్టేది. పాట మాటలు జారిపోతుంటే ఎదురుగా టెలిప్రాంప్టర్ పెట్టారు. గిటారు సోలో వచ్చేసరికి మాత్రం ఏ తెరా అక్కర్లేదు, వేళ్లు వాటంతట అవే పరుగెత్తేవి. కూతురు ఆష్లీతో కలిసి ‘డ్యూయెలింగ్ బ్యాంజోస్’ వాయించేవాడు. కూతురు బ్యాంజో మీద ఒక ముక్క పలికిస్తుంది, తండ్రి గిటారు మీద జవాబివ్వాలి. వేగం పెరుగుతూ పోతుంది. జబ్బు మనిషికి ఇది కష్టమనుకుంటాం. నిజానికి ఇదే తేలిక. వచ్చే ప్రశ్నే జవాబును చేతిలోకి లాక్కొస్తుంది, వెతికి తెచ్చుకోవాల్సిందేమీ లేదు. పాటలో ప్రతి చరణం తర్వాతి చరణానికి దారి చూపుతుంది. ‘ఇవాళ ఏ తారీకు?’ అన్న ప్రశ్నకు అలాంటి దారి ఉండదు. డాక్టరు గదిలో తడబడినవాడు స్టేజీ మీద నిలదొక్కుకున్నాడంటే కిటుకు ఇక్కడుంది.

అయితే మతిమరుపు జబ్బులన్నీ సంగీతం జోలికి రావని అనుకోకూడదు. ఫ్రెంచి స్వరకర్త మోరిస్ రవెల్ 1937లో చనిపోయాడు. ఆయన జబ్బు ఏమిటన్నది వైద్యులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు కానీ, చివరి ఏళ్లలో తల నిండా సంగీతం ఉండీ దాన్ని కాగితం మీద పెట్టలేకపోయాడు. జబ్బు మెదడులో ఏ మూల మొదలైందన్నదాన్ని బట్టే ఏది పోతుంది, ఏది మిగులుతుంది అన్నది తేలుతుంది.

పాడుతూ ఉంటే జబ్బు తగ్గుతుందా?

తగ్గదు. ఇక్కడ మెత్తగా చెప్పి లాభం లేదు. మతిమరుపు జబ్బుల్లో సంగీత చికిత్స మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ జల్లెడ పట్టిన కాక్రేన్ సమీక్ష తేల్చింది ఇది: దిగులు తగ్గే అవకాశం ఉంది, ప్రవర్తన కొంత కుదుటపడొచ్చు, జ్ఞాపకశక్తికీ తెలివికీ వచ్చే లాభం లేదు, ఉన్నా లెక్కలోకి రాదు. అమెరికన్ గాయకుడు టోనీ బెన్నెట్‌కు 2016లో అల్జీమర్స్ అని తేలాక కూడా ఆయన డాక్టరు పాడటం ఆపొద్దన్నారు. పియానో వాద్యకారుడు ఇంటికొచ్చేవాడు, సాధన సాగేది. 2021 ఆగస్టులో, సరిగ్గా 95వ పుట్టినరోజున, రేడియో సిటీలో లేడీ గాగాతో కలిసి పాడాడు. జబ్బు మాత్రం తన దారిన తాను నడిచింది. 2023లో ఆయన కన్నుమూశాడు. పాడుతున్న ఆ గంటలు మంచి గంటలు. దానికి మించి పాట మీద భారం పెట్టడం అన్యాయం.

మరి చూసేవాళ్లు ఎందుకు పొరబడతారు?

వాళ్లు చూసేది ఆ గంటే కనుక. మిగతా ఇరవై మూడు గంటలూ భార్యవి. క్యాంప్‌బెల్ కచేరీకి లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లకు ఆయన్ని తయారుచేసి, తిండి పెట్టి, కోపం చల్లార్చి, వేళకు స్టేజీ పక్కకు తీసుకొచ్చిన మనిషి కనబడదు. పొద్దుగూకేసరికి ఈ రోగుల్లో చాలామందికి గాభరా, అనుమానం, చిరాకు ఎక్కువవుతాయి. కచేరీలు ఉండేదీ ఆ వేళకే. అది తలచుకుంటే 151 అన్న అంకె వెనక ఎంత చాకిరీ ఉందో అర్థమవుతుంది.

మన ఇళ్లలో స్టేజీ ఉండదు, ఫోను ఉంటుంది. ఆదివారం ఆడపడుచు ఫోన్ చేస్తుంది. జబ్బులో ఉన్న అన్నయ్య గొంతు సవరించుకుని పాత కీర్తన అందుకుంటాడు, రెండు జోకులు వేస్తాడు. ఫోన్ పెట్టేముందు ఆవిడ అంటుంది: ‘వదినా, అన్నయ్య బాగానే ఉన్నాడుగా! నువ్వే ఊరికే కంగారు పడుతున్నావ్.’ రాత్రి మూడింటికి ఆయన చెప్పులేసుకుని ‘మా ఇంటికి పోతా’ అని తలుపు లాగిన సంగతి వదిన అప్పుడు చెబితే ఫిర్యాదులా ఉంటుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నా మాటగా ఒక సలహా: చుట్టాల్ని ఫోన్‌లో నమ్మించే ప్రయత్నం మానేసి, రెండు రాత్రులు వచ్చి ఉండమనండి. సమాచారానికి, దారి చూపడానికి వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567 కూడా ఉంది.

ప్రేమ ఉంటే హోమ్‌లో ఎందుకు పెడతారు?

కిమ్‌ను అమెరికాలోనే చాలామంది అడిగిన ప్రశ్న ఇది. 2014లో ఆయన్ని నాష్‌విల్‌లో మతిమరుపు రోగుల్ని చూసుకునే కేంద్రంలో చేర్చారు. ముందటి పెళ్లిళ్ల పిల్లల్లో ఇద్దరు కోర్టుకెక్కారు. అప్పటికి ఆయనకు మాట పోతోంది, ఎదుటివాళ్లు చెప్పేదీ అందడం లేదు. ఒకోసారి చెయ్యి చేసుకునేవాడని ఆమే చెప్పింది. ఇంకా బలంగా ఉన్న మగమనిషి, తను ఎక్కడున్నాడో తెలియక భయంతో తోసేస్తుంటే, ఇరవై నాలుగు గంటలూ ఒక్క మనిషి ఆపడం ప్రేమతో అయ్యే పని కాదు. మూడు షిఫ్టుల మనుషులు కావాలి. తను కూడా డిప్రెషన్‌లోకి జారిపోయానని కిమ్ దాచకుండా చెప్పుకుంది. ‘నువ్వు చూసుకోలేవా?’ అని అడిగేవాళ్లకు మన దగ్గరా కొదవలేదు. ఆ అడిగేది ఎప్పుడూ భార్యనో కోడలినో అడుగుతారు, కొడుకును అడగరు.

ఆయన చివరి పాట గురించి ఇక్కడే చెప్పాలి. 2013 జనవరిలో రికార్డు చేసిన ‘ఐయామ్ నాట్ గానా మిస్ యూ’ పైపైన వింటే కర్కశంగా అనిపిస్తుంది. నిన్ను తలచుకుని నేను బాధపడను, ఎందుకంటే నాకు నువ్వు గుర్తుండవు; ఆ బాధంతా నీకే మిగులుతుంది అని భార్యకు చెప్పే పాట అది. ఆస్కార్ నామినేషన్ వచ్చింది, 2015లో గ్రామీ వచ్చింది. నాకు మాత్రం అవార్డులకంటే అందులోని లెక్క గొప్పగా తోస్తుంది. జబ్బును ఇద్దరూ సమంగా పంచుకోలేరని రోగే ఒప్పుకున్న పాట ఇంకోటి నేను వినలేదు.

అదే రోజుల్లో ‘అడియోస్’ ఆల్బమ్ కూడా పూర్తిచేశారు. దాన్ని నడిపిన కార్ల్ జాక్సన్, పద్దెనిమిదేళ్ల వయసులో క్యాంప్‌బెల్ బృందంలో బ్యాంజో వాయించడానికి చేరినవాడు. పాట మొత్తం ఒకేసారి పాడించడం కుదరకపోతే, మాటలు పెద్ద అక్షరాల్లో అచ్చువేసి ఎదురుగా పెట్టి, ఒక్కో వరుస అందిస్తూ పాడించుకున్నాడు. క్యాంప్‌బెల్ వరుస మర్చిపోయేవాడు కానీ శ్రుతి తప్పేవాడు కాదు.

ఇంట్లో సంగీతాన్ని ఎలా వాడుకోవాలి?

జాక్సన్ చేసిందే మంచి పాఠం: అడగొద్దు, అందించండి. ‘ఈ పాట ఎవరు పాడారో చెప్పు’, ‘ఇది ఏ రాగం?’ అన్నవి పరీక్షలు. మోహనకు పేరు చెప్పలేకపోయిన విద్వాంసుడికి మోహన పోయిందని కాదు, పేరు పోయిందంతే. ఎదురుగా కూర్చుని పల్లవి మొదటి ముక్క మీరు అందుకోండి, రెండో ముక్క ఆయన అందుకుంటాడేమో చూడండి. అందుకోకపోయినా వేలితో తాళం పడొచ్చు, అదీ చాలు.

ఏ పాటలు అంటే, పది నుంచి ముప్పై ఏళ్ల లోపు వయసులో విన్నవి. జ్ఞాపకాలు అందరిలోనూ గట్టిగా పాతుకునేది ఆ కాలంలోనే. ఎనభై ఏళ్ల మనిషికి ఘంటసాల, సుశీల, వివిధభారతి కాలం. సంగీతం నేర్చుకున్నవాడైతే ఇంకా వెనక్కి, చిన్నప్పటి జంటస్వరాలు, అలంకారాలు, గీతాల దాకా వెళ్లండి. మూడు కాలాల్లో అరగదీసి సాధన చేసినవి ఆఖరున పోతాయి.

విద్వాంసుల ఇళ్లలో ఒక చిక్కు ఉంది. మామూలు శ్రోతకు తన తప్పు వినబడదు. చెయ్యి తిరిగిన వాద్యకారుడికి వినబడుతుంది. వేలు తడబడితే వీణకు శ్రుతి కుదరలేదంటాడు, పక్కవాడు చెడగొట్టాడంటాడు. వాదించకండి. వాద్యం ముందే శ్రుతి చేసి ఉంచండి, కష్టమైన కృతి పక్కన పెట్టి తేలికైనది అందుకోండి. విసుగు ముదిరితే వాద్యం కొన్నాళ్లు కనబడనివ్వకండి. పాట వింటే కళ్లనీళ్లు పెట్టుకున్నా కంగారు పడక్కర్లేదు కానీ, ఊపిరి ఎగబీల్చడం, లేచి తిరగడం మొదలైతే ఆపేయండి.

స్నానానికి ముందు, బట్టలు మార్చేముందు ఒకే పాట రోజూ పెట్టుకుంటే పని కాస్త సులువవుతుంది. రోజంతా టీవీలో పాటలు మోగించడం మాత్రం వద్దు. ఏది పాటో ఏది ఇంట్లోవాళ్ల మాటో విడదీసుకోలేక మనిషి ఇంకా గాభరా పడతాడు.

నేనెవరో తెలియనప్పుడు వెళ్లి పాడి ఏం లాభం?

హోమ్‌లో ఉన్న భర్తను చూసి వచ్చే భార్య మనసులో మెదిలే ప్రశ్న ఇది. దీనికి సూటి జవాబు 2014లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. 17 మంది అల్జీమర్స్ రోగులకు దుఃఖం తెప్పించే సినిమా ముక్కలు, ఆ తర్వాత సంతోషం కలిగించేవి చూపించారు. కాసేపటికే ఏం చూశారో వాళ్లలో చాలామందికి సరిగా గుర్తులేదు. కానీ ఆ దిగులు, ఆ సంతోషం మాత్రం అరగంట దాకా నిలిచాయి. రెండింటిలో దిగులే ఎక్కువసేపు నిలిచింది. ఎంత తక్కువ గుర్తుంటే అంత ఎక్కువసేపు దిగులు పడ్డారు, అది ఎందుకొచ్చిందో తెలియక.

అంటే మీరు వచ్చి వెళ్లిన సంగతి మర్చిపోతాడు. పాడుతూ ఉండగా వచ్చిన నెమ్మది కొంతసేపు ఉంటుంది. గుమ్మం దగ్గర ‘వెళ్లొస్తా, నన్ను మర్చిపోకేం’ అని ఏడిపిస్తే ఆ ఏడుపూ ఉంటుంది, ఇంకా ఎక్కువసేపు. అందుకని మధ్యాహ్నం భోజనానికి ముందు వెళ్లండి, పొద్దుగూకాక కాదు. అన్నం పళ్లెం వచ్చే వేళకు పాట ముగిసేలా చూసుకోండి. ఆయన దృష్టి పళ్లెం మీదికి మళ్లాక లేచి రండి. వెళ్తున్నానని చెప్పాల్సిన పని లేదు.