అక్షరమును సరిదిద్దుకొను హక్కు

సీసపు అక్షరముల కాలమున ముద్రణాలయ యజమాని అక్షరములను తూకము లెక్కన కొనెడివాడు. కొన్న పిదప అవి అతని సొత్తు. ఒక ఒత్తు సరిగా ఇమడకున్నచో దాని అంచును ఆకురాతితో అరగదీసి కూర్చుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. నేడు అక్షరములు కంప్యూటరులో ఒక దస్త్రముగా వచ్చుచున్నవి. దానినే ఫాంటు అనియు, తెలుగున ఖతి అనియు అందురు. డబ్బిచ్చి తెచ్చుకొన్నను మనకు సాధారణముగా లభించునది ఖతిపై యాజమాన్యము కాదు, దానిని వాడుకొను అనుమతి మాత్రమే. ఆ అనుమతిపత్రమే లైసెన్సు.

అమలాపురములో శుభలేఖ అచ్చొత్తించువారు గాని, రాజోలులో కరపత్రము వేయించువారు గాని ఆ పత్రమును చదువుట అరుదు. ఉచితముగా దొరికినది గదా యని సరిపెట్టుకొందుము. కాని ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. వెల లేని ఖతిని సైతము మార్చరాదని లైసెన్సు శాసింపవచ్చును.

ఈ భేదమును స్పష్టపరచిన పత్రములలో ముఖ్యమైనది ఎస్.ఐ.ఎల్. సంస్థవారి ఓపెన్ ఫాంట్ లైసెన్సు. దాని 1.1వ పాఠము 2007 ఫిబ్రవరి 26 నాటిది. ఖతిని వాడుటకు, లోపలి నిర్మాణమును పరిశీలించుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు అది అనుమతించును. షరతులును కలవు. ఖతిని ఒంటిగా అమ్మరాదు. మార్చిన ఖతియు అదే లైసెన్సు క్రింద వెలువడవలెను. మూలకర్త తన ఖతి పేరును ప్రత్యేకించి ఉంచుకొన్నచో, మార్చినదానికి వేరు పేరు పెట్టవలెను. ఈ చివరి షరతు మిక్కిలి న్యాయమైనది. మన చేతి వంకర ఆయన పేరిట చలామణి కారాదు గదా! ఖతితో అచ్చు వేసిన పుస్తకమునకు మాత్రము ఈ షరతులు అంటవు.

తెలుగున ఇట్టి ఖతులకు కొరత లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారి పోతన, వేమన ఖతులు జి.పి.ఎల్. అను స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడినవి. రెడ్ హ్యాట్ సంస్థవారి లోహిత్ తెలుగు మొదట జి.పి.ఎల్. క్రిందనే ఉండి, 2011 సెప్టెంబరులో ఓపెన్ ఫాంట్ లైసెన్సునకు మారినది. సిలికానాంధ్ర వెలువరించిన సూరన్న, పెద్దన, ధూర్జటి, గిడుగు, గురజాడ, మండలి మొదలగు ఖతులలోని తెలుగు అక్షరములను పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిరి. వీనిలోని ఆంగ్లాక్షరములను అంతకుముందే స్వేచ్ఛగా లభించిన ఇతర ఖతుల నుండి గ్రహించిరి. మార్చుకొను హక్కు లేనిచో ఈ కూర్పు సాధ్యమయ్యెడిది కాదు.

ఇక మన కళాశాలకు దగ్గరి విషయము. ఉర్దూలో ‘జాకిర్’ లోని జకారమును, ‘జమీల్’ లోని జకారమును వేర్వేరుగా పలుకుదురు, వేర్వేరుగా వ్రాయుదురు. తెలుగున రెంటికిని ఒకటే అక్షరము. ‘ఫలము’నకు, ‘ఫాతిమా’కు సైతము అదే దుస్థితి. హాజరు పట్టీలో సగము పేర్లు ఇట్లే అచ్చగుచున్నవి! ఇట్టి అన్యభాషా ధ్వనులను చూపుటకు తెలుగు నుక్తా అను చిహ్నమునకు 2021లో యూనికోడు 14వ పాఠమున స్థానము లభించినది. కాని యూనికోడు ఇచ్చునది సంఖ్య మాత్రమే. రూపమును ఖతి ఈయవలెను. 2021కు పూర్వపు ఖతులలో, పిమ్మట ఎవరైనను చేర్చిననే తప్ప, ఆ చిహ్నము ఉండదు. మార్పును నిషేధించు ఖతియైనచో యజమానికి విన్నపము పంపి నిరీక్షింపవలసినదే. స్వేచ్ఛా ఖతియైనచో ఓపికగల విద్యార్థియే చేర్చవచ్చును. ఫాంట్‌ఫోర్జ్ అను ప్రోగ్రాము అందుకు ఉచితముగా లభించును.

పని అనుకొన్నంత తేలిక కాదు. గుర్తును గీయుట ఒక పూట పని. అది అక్షరము క్రింద ఎచట నిలువవలెను, ఫకారమునకు ఇదివరకే ఉన్న గీతను తాకకుండుట ఎట్లు, ఒత్తు వచ్చినపుడు ఎటు జరుగవలెను అను నియమములను వ్రాయుటలోనే శ్రమ అంతయు కలదు.

ఉర్దూ భాగమునకు నోటో నస్తాలీఖ్ ఉర్దూ, 2017లో వెలువడిన అవామీ నస్తాలీఖ్ ఇదే లైసెన్సు క్రింద దొరకును. సంచిక రెండు లిపులను స్వేచ్ఛా ఖతులతోనే కూర్చుటకు సంపాదకవర్గము పూనుకొన్నచో, ఖతితోపాటు వచ్చు లైసెన్సు పాఠమును పారవేయక అదే అరలో భద్రపరచవలెను. ఖతిని మరొకరికి ఇచ్చునపుడు ఆ పాఠమును కూడ ఈయవలెననుట అందలి షరతు.