చిన్న అంగడికి చిట్టాయే ప్రాణము

దిల్‌సుఖ్‌నగరు చెంత కొత్తపేటలోనుండిన గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు 2021–22లో మన అబ్దుల్లాపూర్‌మెట్ మండలమందలి బాటసింగారమునకు తరలివచ్చినది. కావున పదిమంది సభ్యులు కూడి పండ్ల అంగడి నడపుకొనుటకు ఇది తగిన తావు. అయితే అంగడి పెట్టుట సులభము, నిలుపుట కష్టము.

మొదటిది: ఇంటి పెట్టె వేఱు, అంగడి పెట్టె వేఱుగా నుండవలెను. పెండ్లి ఖర్చునకు అంగడి సొమ్ము తీసినచో మఱునాడు సరకు కొనుటకు అప్పు తప్పదు.

రెండవది: ప్రతిరాత్రి చిట్టా వ్రాయవలెను. కుళ్ళిన కాయలను సైతము నష్టముక్రింద చూపవలెను.

మూడవది: అరువు మానవలెను. 1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేలు పట్టణమున నేతగాండ్రు మొదలైన 28 మంది స్థాపించిన సహకార దుకాణము రొక్కమునకే అమ్మి, మిగులును సభ్యుల కొనుగోళ్ళనుబట్టి పంచి నిలదొక్కుకొనినది.

నాల్గవది: కాయలు మాగబెట్టుటకు కార్బైడు వాడరాదు, అది చట్టముచే నిషిద్ధము.

ఐదవది: పనివారికి కూలి వాయిదా వేయక యీయవలెను.

నెలకొకసారి సభ్యులందఱి యెదుట చిట్టా చదివి వినిపించుడు. తప్పు అప్పుడే తేలినచో దిద్దుకొనవచ్చును. సంవత్సరాంతమున తేలినచో సంఘమే చెదరును.