మోకాటి లోతులో తేలిపోయే కారు

పావగడ తాలూకాలో ఏరంటే ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. నాగలమడక దగ్గర ఉత్తర పినాకినిని, అంటే మన పెన్నను, చెప్పులు తడవకుండా దాటిన రోజులే అందరికీ గుర్తు. కానీ ఆ నది పుట్టింది ఎగువన, నంది కొండల దాపున. ఇక్కడ చినుకు రాలకపోయినా గౌరీబిదనూరు వైపు కుండపోత కురిస్తే ఇక్కడ ఏరు పొంగుతుంది. కరువు సీమ కావడంతో పారే నీళ్లతో మనకు అలవాటు తక్కువ. చప్టా మీద ఎర్రనీళ్లు పొర్లుతుంటే "మోకాటి లోతే కదా, పోనీయన్నా" అంటారు.

ఆ మోకాటి లోతు లెక్క ఒకసారి వేసి చూడండి. చిన్న కారు బరువు దాదాపు 900 కిలోలు. దాని అడుగు నేలకు సుమారు 17 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ అడుగు వైశాల్యం 5 చదరపు మీటర్లు అనుకుందాం. నీళ్లు అడుగును తాకాక పెరిగే ఒక్కో సెంటీమీటరూ కారును 50 కిలోల బలంతో పైకి నెడుతుంది. అలా 18 సెంటీమీటర్లు పెరిగితే 900 కిలోలూ సరి. మొత్తం 35 సెంటీమీటర్లు, అంటే మోకాలి కిందే! లోపలికి నీళ్లు కారుతాయి నిజమే, కానీ నిదానంగా. ఈలోపే కారు తేలుతుంది. పూర్తిగా తేలనక్కర్లేదు కూడా. బరువు సగం తగ్గితే టైర్ల పట్టూ సగమే. పక్కనుంచి తోసే ప్రవాహానికేమో వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. పెద్ద బండ్లు ఇంకొంచెం ఓర్చుకుంటాయి, అంతే. రెండడుగుల పరుగునీళ్లు వాటినీ లాక్కుపోగలవు.

2021 నవంబరు 19న పక్కనే అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర జరిగింది ఇదే. చిత్రావతి వరదలో కారు చిక్కుకుంది. కాపాడడానికి జేసీబీతో వెళ్లినవాళ్లూ నీళ్ల మధ్యే ఆగిపోయారు. చివరికి వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి పదిమందిని పైకి లాగింది. సాయం చేయబోయినవాళ్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

కారు కొట్టుకుపోకపోయినా ఇంజిన్ దక్కదు. గాలి పీల్చే గొట్టం గుండా నీళ్లు సిలిండర్‌లోకి చేరితే పిస్టన్ వాటిని నొక్కలేదు. గాలి పదో వంతుకు కుదించుకుంటుంది, నీళ్లు కుదించుకోవు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే నీళ్లలో ఆగిన బండికి మళ్లీ తాళం తిప్పకూడదు. ఒడ్డుకు లాగించి, మెకానిక్ చేత ప్లగ్గులు విప్పించి నీళ్లు బయటికి తీయించాలి. మామూలు బీమాలో ఈ నష్టానికి పరిహారం చాలాసార్లు రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు బీమా విడిగా తీసుకోవాలి.

అసలు భయం తలుపుల దగ్గర. బయట నీళ్లు తలుపు అడుగు నుంచి 60 సెంటీమీటర్లు లేస్తే, మీటరు వెడల్పు తలుపు మీద దాదాపు 180 కిలోల ఒత్తిడి. 2023 మేలో బెంగళూరు కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో నీళ్లలో చిక్కిన కారులో ఒక తెలుగమ్మాయి ప్రాణం పోయింది. తలుపుతో పెనుగులాడుతూ కూర్చోకండి. కరెంటు పోకముందే కిటికీ అద్దం దించేయాలి. తర్వాత బెల్టులు విప్పి, ముందు పిల్లల్ని, ఆ వెనుకే పెద్దల్ని కిటికీలోంచి కారు పైకప్పు మీదికి ఎక్కించాలి.