'బాబా, పాపా?' - ఇంగ్లీషులో అడిగే తీరు

పసిబిడ్డ కనిపిస్తే తెలుగువారు సహజంగా వేసే మొదటి ప్రశ్న 'బాబా, పాపా?' అన్నది. తెలంగాణలో 'కొడుకా, బిడ్డా?' అని అడగటం ఉంది. అక్కడ 'బిడ్డ' అంటే కూతురు. ఇంట్లో ఏ ఇబ్బందీ లేని ఈ ప్రశ్నను ఇంగ్లీషులో అడగవలసి వచ్చినప్పుడు చాలామంది తడబడతారు. బెంగళూరు, చెన్నై, ముంబై వంటి నగరాలలో ఇరుగుపొరుగుతో ఇంగ్లీషులో మాట్లాడే తెలుగు కుటుంబాలకు ఇది తరచు ఎదురయ్యే సందర్భమే. ఈ తడబాటుకు కొంత కారణం వ్యాకరణంలో ఉంది.

మన వ్యాకర్తలు మహత్తు, మహతి, అమహత్తు అని విభజించినా, ఏకవచనంలో మహతి అమహత్తుతో చేరుతుంది. బహువచనంలో మహత్తుతో చేరుతుంది. 'బాబు ఏడుస్తున్నాడు', 'పాప ఏడుస్తోంది' అంటాం. ఎవరో తెలియనప్పుడు 'బిడ్డ ఏడుస్తోంది' అంటే సరిపోతుంది. ఈ 'ఏడుస్తోంది'లో అగౌరవం లేదు. ఆ అలవాటుతోనే ఇంగ్లీషులో 'ఇట్' అని కొనసాగిస్తే మాత్రం తల్లిదండ్రులకు నొప్పి కలగవచ్చు.

మనవారు స్థిరపడిన ప్రాంతాల భాషలూ ఈ అలవాటును బలపరుస్తాయి. తమిళంలో 'కుళందై', కన్నడంలో 'మగు', మరాఠీలో 'బాళ్' - మూడూ నపుంసకాలే. ఒడియాలో క్రియకు లింగభేదం లేదు. 'సే' అన్న సర్వనామం ఆడ మగ ఇద్దరికీ చెల్లుతుంది. యానాంలో ఫ్రెంచి చదువుకున్నవారికి 'బెబే' అన్న మాట, పుట్టింది ఆడపిల్ల అయినా, పుంలింగమే. ఇంగ్లీషు మాత్రం సాధారణంగా 'హి', 'షి', 'ఇట్' వంటి వాటిలో ఒకదాన్ని ఎంచుకోమంటుంది.

'ఈజ్ ఇట్ ఎ బాయ్ ఆర్ ఎ గర్ల్?' అన్న ప్రశ్నలో తప్పు లేదు. తలుపు తట్టిన మనిషిని మనం 'ఎవరది?' అని అడుగుతాం. ఆ 'అది' మనిషిని వస్తువుగా చేయదు. ఈ 'ఇట్' కూడా అటువంటిదే. చిక్కు ఆ తరువాతి వాక్యంలో వస్తుంది. ఎదుట ఉన్న బిడ్డను గురించి 'హౌ ఓల్డ్ ఈజ్ ఇట్?' అనటం మోటుగా వినిపిస్తుంది. పాత ఇంగ్లీషు పుస్తకాలలో శిశువుకు 'ఇట్' వాడటం కనిపించినా, తల్లి ముందు ఆ వాడుక పనికిరాదు. సర్వనామం మాని నామాన్నే మళ్ళీ వాడటం సులువైన మార్గం: 'హౌ ఓల్డ్ ఈజ్ ద బేబీ?' లేదా 'వాట్ ఈజ్ యువర్ బేబీస్ నేమ్?' అనవచ్చు. పేరు వింటే చాలాసార్లు సంగతి తెలుస్తుంది. సాయి, కిరణ్ వంటి పేర్లు ఇద్దరికీ ఉన్నాయి కనుక అప్పుడు సూటిగా అడగటమే మేలు.

జుట్టును, బట్టలను చూసి ఊహించటం మంచిది కాదు. పుట్టువెంట్రుకలు తీయించేదాకా మగపిల్లలకూ జడ వేసి పూలు పెట్టే ఇళ్ళు మనలోనే ఎన్నో ఉన్నాయి.

కాన్పు అయిందని తెలిసి 'ఏం పుట్టింది?' అని అడగటం మన వాడుక. దాన్ని మాటకు మాట మార్చి 'వాట్ వాజ్ బార్న్?' అనకూడదు. పరిచయస్థులు 'వాట్ డిడ్ యు హ్యావ్?' అంటారు. అంత చనువు లేనిచోట ముందు 'కంగ్రాచులేషన్స్' చెప్పి 'ఎ బాయ్ ఆర్ ఎ గర్ల్?' అంటే చాలు.

ప్రసవానికి ముందు అడగటం వేరే సంగతి. 'డు యు నో వాట్ యు ఆర్ హ్యావింగ్?' అన్నది ఇంగ్లండులో, అమెరికాలో మామూలు పలకరింపు. మన దేశంలో గర్భస్థ శిశువు లింగాన్ని తెలపటం నేరం. మహారాష్ట్ర 1988లోనే దీనిపై చట్టం చేసింది. 1994 నాటి కేంద్ర చట్టం 1996లో అమలులోకి వచ్చింది. 2003లో దాన్ని మరింత కట్టుదిట్టం చేశారు. మాటతోగాని, సైగతోగాని, మరే విధంగాగాని చెప్పరాదని ఆ చట్టం అంటుంది. ఆడపిల్ల అని తెలిసి గర్భం తీయించే దురాచారం వల్లనే ఈ నిషేధం అవసరమైంది. కనుక పాఠ్యపుస్తకంలో కనిపించినా ఆ ప్రశ్నను ఇక్కడ వాడకూడదు. 'వెన్ ఈజ్ ద బేబీ డ్యూ?' అని నెలలు అడిగితే ఆప్యాయత తెలుస్తుంది.

జవాబు విన్నాక అనే మాటకూ మర్యాద ఉంది. 'ఆడపిల్లే' అన్నప్పుడు మన 'ఏ'కారం ఒక్కోసారి కేవలం నిర్ధారణ. దాన్ని 'గర్ల్ ఓన్లీ' అని ఇంగ్లీషు చేస్తే, 'ఆడపిల్లేనా, అంతేనా' అన్న చిన్నచూపు ధ్వనిస్తుంది. 'మళ్ళీ ఆడపిల్లేనా?' అన్నదానికైతే ఏ భాషలోనూ మర్యాద లేదు. బాబు అన్నప్పుడు ఏ గొంతుతో 'హౌ లవ్లీ' అంటామో, పాప అన్నప్పుడూ అదే గొంతుతో అనాలి. ఇంగ్లీషు నేర్పే ఉపాధ్యాయులు ప్రశ్నతోపాటు ఈ మాటనూ పిల్లలకు నేర్పటం అవసరం.