మత్తు సూదికి ముందు ఒక మాట

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. మూడూ వ్యాపారం సాగే ఊళ్లే. రైసు మిల్లులు, బట్టల దుకాణాలు, కిరాణా దుకాణాలు ఉన్నాయి. వీటిని నడిపే వాళ్లలో ఆర్యవైశ్యులు కూడా ఉన్నారు. ఆ ఇళ్లలోని అక్కచెల్లెళ్లు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అది మనందరికీ పనికొచ్చేదే.

పెద్ద ఆపరేషన్‌కు మనిషిని పూర్తిగా నిద్రపుచ్చుతారు. గొంతులోకి గొట్టం వేసి ఊపిరి అందిస్తారు. గొట్టం సులువుగా దిగాలంటే కండరాలు వదులు కావాలి. అందుకు ఇచ్చే మందుల్లో ఒకటి సక్సినైల్ కోలిన్. డాక్టర్లు దీన్ని స్కోలిన్ అంటారు. ఈ మందు పడగానే కాళ్లూ చేతులూ కదలవు. ఊపిరి కూడా ఆగుతుంది. అయినా భయం లేదు. మన రక్తంలో సూడో కోలినెస్టరేజ్ అనే పదార్థం ఉంటుంది. అది ఈ మందును విరిచేస్తుంది. 5, 10 నిమిషాల్లో ఊపిరి మళ్లీ వస్తుంది.

కొందరిలో పుట్టుకతోనే ఆ పదార్థం పని చేయదు. అప్పుడు మందు గంటల తరబడి ఒంట్లోనే ఉండిపోతుంది. మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేదు. నిద్ర మందు తగ్గిపోతే చుట్టూ మాటలు వినబడతాయి. కానీ కన్ను తెరవలేదు, నోరు మెదపలేదు. ఊపిరి మిషన్ మీద ఉంచి, నిద్రలోనే ఉంచితే మందు దిగాక మామూలుగా లేస్తారు. మిషన్ లేకపోతే ప్రాణమే పోవచ్చు.

ఇది ఎందుకు వస్తుంది?

ఒక ఇంటికి రెండు తాళం చెవులు ఉన్నాయనుకోండి. ఒకటి పాడైనా రెండోదానితో తలుపు తీస్తాం. ఇదీ అంతే. తండ్రి నుంచి ఒక చెవి, తల్లి నుంచి ఒక చెవి వస్తాయి. రెండూ పాడైన బిడ్డకే పెద్ద చిక్కు. తరతరాలుగా ఒకే కులంలో సంబంధాలు కలుపుకుంటే పాడైన చెవులు రెండూ ఒకే బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. ఇది శాపం కాదు. తల్లి తప్పూ కాదు, తండ్రి తప్పూ కాదు.

2006లో కోయంబత్తూరు శాస్త్రవేత్తలు వైశ్యుల్లో ఈ లోపానికి కారణమైన మార్పును కనిపెట్టారు. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. వాళ్లు కూడా కలిసి చేసిన పరిశోధన 2017లో వచ్చింది. మిగతా వాళ్లకంటే వైశ్యుల్లో ఈ లోపం దాదాపు 100 రెట్లు ఎక్కువని అందులో రాశారు.

ఈ లోపం ఉన్నవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. వంట చేస్తారు, దుకాణం నడుపుతారు, పిల్లల్ని కంటారు. స్కోలిన్ లాంటి మందు పడినప్పుడే బయటపడుతుంది. “నాకు ముందొక ఆపరేషన్ బాగానే అయింది” అని ధీమాగా ఉండకూడదు. అప్పుడు ఆ మందు ఇవ్వలేదేమో!

మనం ఏం చేయాలి?

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు చెప్పాలి. “సార్, మాది ఆర్యవైశ్య కుటుంబం. స్కోలిన్ పడకపోవచ్చు” అనాలి. డాక్టరు వేరే మందు వాడతారు. అలాంటి మందులు ఉన్నాయి. కాబట్టి ఆపరేషన్ మానుకోవద్దు. కాన్పు ఆపరేషన్‌కు నడుముకు ఇచ్చే మత్తు సూదిలో ఈ మందు ఉండదు.

రక్త పరీక్షతో ఈ లోపం తెలుస్తుంది. ఇంట్లో ఒకరికి ఉంటే తోడబుట్టిన వాళ్లందరూ పరీక్ష చేయించుకోవాలి.

మిగతా కులాల వాళ్లకూ ఈ లోపం ఉండవచ్చు, కాకపోతే అరుదు. మత్తు మందుతో ఒంట్లో వేడి విపరీతంగా పెరిగిపోయే కండరాల జబ్బు ఇంకొకటి ఉంది. అదీ వంశంలో వచ్చేదే, ఎవరికైనా రావచ్చు. అందుకే మీ వంశంలో ఎవరైనా మత్తు తర్వాత లేవడానికి ఇబ్బంది పడ్డారా, చనిపోయారా అని పెద్దవాళ్లను అడగండి. ఉంటే డాక్టరుకు చెప్పండి.

అర్ధరాత్రి దవాఖానకు పోతే కంగారులో మాట మరిచిపోతాం. మనకిప్పుడు రాయడం వచ్చింది కదా! ఒక చీటీ మీద “స్కోలిన్ పడకపోవచ్చు” అని మన చేత్తో రాసుకుందాం. ఆరోగ్య కార్డుతో కలిపి పెట్టుకుందాం. మనం మాట్లాడలేనప్పుడు ఆ చీటీ మాట్లాడుతుంది.