తండ్రికి తెలివి తప్పితే జీపీఏ చెల్లదు

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రిజిస్టర్ అయిపోయింది కదా, ఇక నాన్న ఎలా ఉన్నా పనులు ఆగవు. జల్‌పల్లిలోనూ, పక్కన షాహీన్‌నగర్, పహాడీ షరీఫ్‌లలోనూ చాలా ఇళ్లలో ఇదే ధీమా. ఆ ధీమాతోనే, తండ్రి మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితిలో ఉండగా కొడుకు ప్లాటు అమ్మేస్తాడు. ఆసుపత్రి బిల్లు కట్టడానికే కావచ్చు. తర్వాత చెల్లెళ్లు కోర్టుకెక్కుతారు, కొన్నాయన డబ్బు వెనక్కి ఇమ్మంటాడు. అప్పటికి ఆ డబ్బు ఐసీయూకే అయిపోయి ఉంటుంది.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్‌లో సంగతి స్పష్టంగానే ఉంది. అధికారం ఇచ్చినవారు గానీ, పుచ్చుకున్నవారు గానీ చనిపోయినా, మతి తప్పినా ఆ అధికారం అక్కడితో ఆఖరు. రిజిస్ట్రార్ ముద్ర దాన్ని నిలబెట్టదు. పక్షవాతంతో కాలూచెయ్యీ పడిపోయినా తెలివి ఉంటే జీపీఏ ఉంటుంది. తెలివి పోతే అదీ పోతుంది.

ఈ అపోహకు లండన్ చుట్టాల సలహా కూడా తోడవుతోంది. ఇంగ్లండ్‌లో 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం కింద లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ ఉంది. పబ్లిక్ గార్డియన్ కార్యాలయంలో నమోదైతే, ఇచ్చినవారికి మతి తప్పాక కూడా అది పనిచేస్తుంది. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, కానీ అది అక్కడి చట్టం. మనకు ఆస్తి విషయంలో అలాంటి పత్రమే లేదు. ‘మతి తప్పినా చెల్లును’ అని ఒక వాక్యం చేర్పిస్తే చాలంటే నమ్మకండి, దానికి రూపాయి కూడా ఇవ్వకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద ముందే ప్రతినిధిని పెట్టుకోవచ్చు గానీ, అది మానసిక చికిత్స వరకే. ప్లాటుకు పనికిరాదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. 202వ సెక్షన్ ప్రకారం, ఆ ఆస్తిలో జీపీఏదారుకే సొంత హక్కు ఉంటే, ఇచ్చినవారు పోయినా అధికారం పోదు. పూర్తి సొమ్ము కట్టి అగ్రిమెంటుతో పాటు జీపీఏ రాయించుకున్నవారికి ఈ ఆసరా దొరకవచ్చు. అయినా అది యాజమాన్యం కాదు. సేల్ డీడ్ లేకుండా ఇల్లు చేతులు మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. జీపీఏ మీద కొన్నవాళ్లు అమ్మినాయన బాగుండగానే సేల్ డీడ్ చేయించుకోండి.

మరో అపోహ కూడా ఉంది. జీపీఏ ఇస్తే ఇల్లు చేజారినట్టేనంటారు: అదీ కాదు, రద్దు చేసే హక్కు మామూలుగా ఇచ్చినవారిదే. అయితే రద్దు సంగతి జీపీఏదారుకూ, అతనితో లావాదేవీలు నడిపేవారికీ రాతపూర్వకంగా తెలపండి. తెలియనంతవరకు వాళ్ల మీద ఆ రద్దు పనిచేయదు.

కాబట్టి రిజిస్ట్రేషన్ అయిన రోజే కాగితాన్ని బీరువాలో పెట్టి మరిచిపోవద్దు. సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. బ్యాంకులో ఇచ్చి, ఖాతా నడపడానికి అది సరిపోతుందో లేదో అడగండి. అమ్మిన సొమ్ము తండ్రి ఖాతాలోనే వేసి, ప్రతి రూపాయికీ లెక్క రాయండి. అడిగినప్పుడు లెక్క చెప్పడం జీపీఏదారు బాధ్యత. గల్ఫ్ నుంచి వచ్చిన జీపీఏ అయితే, మన దేశంలో చేతికందిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించండి. ఆసుపత్రి ఖర్చుకు జాయింట్ ఖాతా వేరే తెరవండి. పంచాల్సింది, అమ్మాల్సింది ఉంటే పెద్దాయనకు తెలివి ఉండగానే ఆయన సంతకంతోనే ముగించండి.

ఇప్పటికే తెలివి తప్పితే, పాత జీపీఏ మీద ఒక్క సంతకం కూడా పెట్టకండి. కోమాలో ఉన్నవారికి సంరక్షకుల్ని నియమించే పద్ధతిపై కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలిచ్చింది. డాక్టరు నివేదిక, ఆస్తుల జాబితా, తోబుట్టువులందరి అంగీకార పత్రం పట్టుకుని వకీలు దగ్గరికి వెళ్లి, మన హైకోర్టులో పిటిషన్ వేసే సంగతి మాట్లాడండి.